కుందేలుకు సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

పోయినసారి మహారాష్ట్రలోని తాడోబా అడవి పులుల గురించి నాలుగు ముక్కలు రాసిన పాపానికి ఈసారి సంచీ నిండా ఎలుకలు, ఉడుతలు, కుందేళ్ల మీద ఉత్తరాలే. అందులో నాలుగు తీశాను. ఒకదానికి జవాబు బాగా పొడుగైంది, ఏమీ అనుకోకండి.

సార్, మాది బల్లార్షా. రైల్వే క్వార్టర్ల వెనక మూడెకరాల తుప్ప ఉంది. నా చిన్నప్పుడు వార్ధా ఒడ్డుదాకా ఒకటే పొద. ఇప్పుడు ఒకపక్క పెద్ద రోడ్డు, ఇంకోపక్క బొగ్గు దించే సైడింగు, మూడోపక్క ప్రహరీ గోడ. లోపల ఉడుతలున్నాయి, పొద్దున నడకకెళ్తే ఒకటో రెండో చెవులపిల్లులు, అదే కుందేళ్లు, కనబడతాయి. డిగ్రీ చదివే మా అబ్బాయి "అవన్నీ ఇప్పుడు అన్నాచెల్లెళ్లే నాన్నా, జన్యు వైవిధ్యం పోయి అంతరించిపోతాయి" అంటున్నాడు. నాకేమో అవి బ్రహ్మాండంగా గెంతుతున్నట్టే ఉన్నాయి. ఎవరు రైటు? — ఒక రైల్వే ఉద్యోగి, బల్లార్షా

తమ్ముడూ, మీవాడు లెక్కలో రైటు, తొందరపడటంలో తప్పు. మీరు చూసింది నిజమే, కానీ గెంతడం చూసి తెలుసుకునే సంగతి కాదిది.

మనవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక, ఎందుకంటే మనకు మేనరికం అనే మాట ఉంది. పది గడపల పల్లె ఒకటి ఉందనుకోండి, వాగు పొంగి చుట్టూ దారులన్నీ శాశ్వతంగా మూసుకుపోయాయి, పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా ఆ పది గడపల్లోనే. మొదటి తరం బాగానే గడుస్తుంది, రెండో తరానికి మేనరికాలు, నాలుగో తరం వచ్చేసరికి ఎవరిని చేసుకున్నా ఏదో ఒక వరసలో బంధువే. (మా ఇంట్లో మూడు తరాలు మేనరికాలే, అందుకని ఈ విషయంలో నేను గొంతు పెంచను.) మీ తుప్పలో చెవులపిల్లికి జరుగుతున్నది అదే.

ఇందులో రెండు వేర్వేరు నష్టాలున్నాయి, జనం రెండిటినీ కలిపేస్తారు. ఒకటి, దగ్గరి చుట్టాలు జతకడితే తల్లి దగ్గర దాగిన లోపం, తండ్రి దగ్గర దాగిన అదే లోపం ఒకే పిల్లలో కలిసి బయటపడతాయి. పిల్లలు తక్కువ పుట్టడం, పుట్టినవి బలహీనంగా ఉండటం అక్కడి నుంచే. రెండోది ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ప్రతి తరంలోనూ ఏ జన్యు రకం పిల్లలకు చేరుతుందో ఏది చేరదో కొంత లాటరీ. పెద్ద గుంపులో ఒకచోట పోయింది ఇంకోచోట మిగులుతుంది, చిన్న గుంపులో పోయింది పోయినట్టే, బయటినుంచి ఎవరో తెస్తే తప్ప దాదాపు తిరిగిరాదు.

దీనికి లెక్క ఉంది. పిల్లల్ని కనే జంతువుల సంఖ్యను రెట్టింపు చేసి, ఒకటిని దాంతో భాగిస్తే వచ్చేదే తరానికి పోయే వైవిధ్యం. పిల్లల్ని కనేవి 50 అయితే తరానికి 1 శాతం పోతుంది, 20 తరాల తర్వాత కూడా 82 శాతం దాకా మిగులుతుంది. 10 మాత్రమే అయితే తరానికి 5 శాతం. 20 తరాలకు మిగిలేది 36 శాతం. చిన్న జంతువులకు 20 తరాలంటే మీ అబ్బాయి రిటైరయ్యేలోపే. పైగా మీకు కనబడే సంఖ్య వేరు, ఈ లెక్కలోకి వచ్చే సంఖ్య వేరు. ఒకే మగది చాలా ఆడవాటికి తండ్రి కావచ్చు, కొన్ని అసలు జతకట్టకపోవచ్చు, ఒక ఎండాకాలం సగం చచ్చిపోవచ్చు. రకరకాల జాతుల మీద చేసిన లెక్కలన్నీ కలిపి చూస్తే, లెక్కకొచ్చే సంఖ్య కంటికి కనబడే దాంట్లో సగటున పదోవంతు దగ్గరే తేలింది. ముప్ఫై కుందేళ్లున్నాయని సంబరపడితే లెక్కలో అవి మూడు.

ఇంతవరకూ మీ అబ్బాయి పక్షం. ఇప్పుడు మీ పక్షం.

న్యూయార్క్ నగరం పార్కుల్లో తెల్లకాళ్ల ఎలుక అని ఒకటుంటుంది, అడవి ఎలుక, మన ఇంటెలుక కాదు. ఒకప్పుడు అక్కడంతా అడవే, ఊరు పెరిగి అడవి ముక్కలై పార్కులుగా మిగిలింది, ఎలుకలూ ఆ ముక్కల్లో చిక్కుకున్నాయి. జేసన్ మున్షీ-సౌత్ బృందం 14 చోట్ల ఆ ఎలుకల డీఎన్‌ఏ చూసి 2010లో ప్రచురించింది. వైవిధ్యం అడుగంటి ఉంటుందనుకుంటాం కదా, అలా లేదు, ఏ పార్కులో చూసినా బాగానే ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు: పార్కు చిన్నదైనా పొదలు దట్టం, ఎలుకలు కిక్కిరిసి ఉంటాయి, అంటే పిల్లల్ని కనేవి చాలా. కానీ ఒక పార్కు ఎలుకలకూ పక్క పార్కు ఎలుకలకూ తేడా ఎంత స్పష్టంగా వచ్చిందంటే, డీఎన్‌ఏ చూసి ఈ ఎలుకది ఫలానా పార్కు అని చాలావరకు చెప్పేయొచ్చు. మన దగ్గర యాస విని "నీది శ్రీకాకుళం కదూ" అన్నట్టు. 2012లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది, నాకు నచ్చింది ఇదే: రెండు పార్కుల మధ్య రాకపోకల్ని బాగా చెప్పగలిగింది మధ్యలో ఉన్న చెట్ల నీడ. నీడ ఉన్న దారిలో ఎలుకలు వెళ్లి వస్తున్నాయి, సిమెంటు మీదుగా వెళ్లడం లేదు.

అందుకని మీ తుప్ప విషయం ఏ జంతువు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఉడుత గురించి టెన్షన్ వద్దు. అది కరెంటు తీగ మీద, గోడ మీద, రేకుల కప్పు మీద నడిచి మీ వీధి చింతచెట్టునుంచి స్టేషను రావిచెట్టుకు పోతుంది, మూడెకరాలు దానికి ఊళ్లో ఒక పేట మాత్రమే. చెవులపిల్లి అలా కాదు. నేలమీదే బతుకు, గోడ ఎక్కలేదు, రాత్రి లారీల వెలుగులో రోడ్డు మధ్య నిలబడిపోతుంది. దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండ్ వైపు అడవుల్లో, పొదల్లో ఉండే ఒక చిన్న ఎలుకజాతి మీద 2000లో వచ్చిన పరిశోధనలో, మామూలు పల్లె రోడ్డు అటూ ఇటూ ఉన్నవాటిలో జన్యుభేదం కనబడలేదు, పెద్ద హైవేకు అటూ ఇటూ ఉన్నవాటిలో కనబడింది. మీ రోడ్డు వెడల్పు కాక ముందు పల్లె రోడ్డు, ఇప్పుడది గోడ.

చేయగలిగింది ఒకటుంది. ప్రహరీ కింద వాన నీళ్లు పోవడానికి తూములు ఉంటాయి, జనం వాటిని పాములొస్తాయని ఇటుకలు పెట్టి మూసేస్తారు. వాటిలో ఒకటి తెరిపించండి. దాని రెండు వైపులా పొద ఉండనివ్వండి, పంద్రాగస్టుకు శుభ్రం పేరుతో కొట్టేయకుండా చూడండి. పాములూ వస్తాయి, అది నిజం, క్వార్టర్ల వైపు కాకుండా నది వైపు తూము చూసుకోండి.

మాస్టారూ, బరంపురంలో పాత బజారు దగ్గర ఉంటాం. ఎలుకలు, పందికొక్కులు తిండి గింజలు ఉంచనివ్వడం లేదు. మందు పెడితే మొదటి రెండు రోజులు చస్తాయి, తర్వాత ముట్టవు. మా వీధి ఎలుకలు జన్యువులు మార్చుకుని ముదిరిపోయాయని కొట్టువాడు అంటున్నాడు. నిజమా? — ఒక గృహిణి

అమ్మా, కొట్టువాడు కొత్త మందు అమ్మాలిగా.

ఎలుకమందు రెండు జాతులు. వెంటనే చంపే మందు, అంటే జింకు ఫాస్ఫైడు లాంటిది, కొద్దిగా రుచిచూసి బతికిన ఎలుక కడుపునొప్పిని గుర్తుపెట్టుకుని మళ్లీ ముట్టదు. అది జన్యువుల పని కాదు, జ్ఞాపకం. మందు పెట్టేముందు నాలుగు రోజులు మందు లేని ఎర అదే చోట పెట్టి అలవాటు చేస్తారు పొలాల్లో, అందుకే. ఇక నెమ్మదిగా రక్తం గడ్డకట్టకుండా చేసి చంపే రకానికి మాత్రం నిజంగానే జన్యువుల్లోనే తట్టుకునే శక్తి వస్తుంది. వార్ఫరిన్ అనే మందుకు 1958లోనే స్కాట్లండ్‌లో అలాంటి ఎలుకలు బయటపడ్డాయి. మీరు చెప్పిన లక్షణం, రెండు రోజులు చచ్చి తర్వాత ముట్టకపోవడం, మొదటి రకానిదే.

మీ వీధి ఎలుకలు మీ వీధివే అన్నది మాత్రం ఉత్త మాట కాదు. న్యూయార్క్ మాన్‌హటన్‌లో గోధుమ ఎలుకల డీఎన్‌ఏ చూస్తే పైపేట ఎలుకలు, కిందిపేట ఎలుకలు అని రెండు గుంపులు తేలాయి, మధ్యలో ఆఫీసులూ హోటళ్లూ ఉన్న భాగంలో ఎలుకల కదలిక తక్కువ. చాలా ఎలుకలు పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్లు దాటి పోవు. న్యూ ఆర్లియన్స్‌లో కాలువలు, వాంకూవర్‌లో పెద్ద రోడ్లు అడ్డు గీతలు. దీన్నుంచి మనకొచ్చే లాభం ఏమిటంటే, మీ ఇంట్లో ఒక్కరే మందు పెడితే పక్కింటి బంధువులు వారంలో వచ్చి చేరతారు. పెద్ద కాలువకూ పెద్ద రోడ్డుకూ మధ్యనున్న వీధులన్నీ ఒకే వారం కలిసి చేయాలి. వీధి సంఘంలో ఈ మాట అనిపించడం ఎలుకను చంపడం కంటే కష్టం, నాకు తెలుసు.

అన్నట్టు పందికొక్కును ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అంటారు, ఆ మాట మన తెలుగునుంచే పోయింది. గింజలు పోయినా పేరైనా దక్కింది.

గురువుగారికి నమస్కారం. తాడోబానుంచి మా ఒడిశాకు ఆడపులుల్ని తెచ్చారట కదా, సిమిలిపాల్‌లో పులులు లేవా? అదే పని మా పర్లాకిమిడి చుట్టూ కొండల్లో విడిపోయిన కుందేళ్లకు మనమే చేయకూడదా, ఇక్కడిది పట్టి అక్కడ వదిలితే? — ఒక రిటైర్డు టీచరు

మాస్టారూ, సిమిలిపాల్‌లో పులులున్నాయి, కానీ చాలాకాలంగా వేరే పులుల గుంపుతో సంబంధం లేదు. దాని గుర్తు వాటి ఒంటిమీదే ఉంది. చారలు లావై ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లగా కనబడే పులులు అడవిలో మరెక్కడా లేవు, అక్కడే ఉన్నాయి. ఒకే జన్యువులో ఒక చిన్న మార్పు వల్ల అలా అవుతుందని బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోని ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. ఆ మార్పు వల్ల పులికి లాభముందని కాదు. కొద్ది పులులు తమలో తామే జతకడుతూ పోతే లాటరీలో అరుదైన చీటీ పదే పదే తగిలింది, అంతే. జనం ఫొటోలు చూసి మురిసిపోతారు, నాకు మాత్రం ఆ నలుపు చూస్తే దిగులే.

అందుకే 2024 చివర్లో జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని తాడోబా ఉన్న చంద్రపూర్ జిల్లానుంచి తెచ్చారు. కోడళ్లన్నమాట. జీనత్ అత్తారింట్లో కుదురుగా ఉండలేదు, జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా నడిచిపోయింది, డిసెంబరు చివర్లో బాంకురా జిల్లాలో మత్తిచ్చి పట్టి వెనక్కి తెచ్చారు. రేడియో కాలరు, మత్తుమందు డాక్టర్లు, మూడు రాష్ట్రాల అటవీ సిబ్బంది ఉంటేనే అది అలా జరిగింది.

చిన్న జంతువుకూ ఇది పనిచేస్తుంది. ఆస్ట్రేలియా మంచుకొండల్లో అరచేతిలో పట్టే పిగ్మీ పోసమ్ అనే, కంగారూలా పొట్టసంచీ ఉన్న జంతువు ఒకటుంది. మౌంట్ బుల్లర్ అనే చోట అవి కొన్ని పదులకు పడిపోతే, ఇంకో కొండనుంచి కొన్ని మగవాటిని తెచ్చి వదిలారు. పుట్టిన సంకర పిల్లలు ఒళ్లు చేశాయి, ఎక్కువకాలం బతికాయి, గుంపు మళ్లీ నిండింది. అంతకుముందు 1980ల్లోనే ఇంకో కొండమీద రోడ్డు కింద వాటికోసం రాళ్లు పేర్చిన సొరంగం కట్టారు, జనం దానికి ప్రేమ సొరంగం అని పేరు పెట్టారు. తరానికి ఒక్క కొత్త ప్రాణి వచ్చి జతకడితే చాలావరకు చాలునన్నది పాత సూత్రం, ఒకటి నుంచి పది దాకా అని తర్వాత సవరించారు.

అయినా మీరు మాత్రం చేయకండి. కుందేలు వన్యప్రాణి చట్టం కిందికొస్తుంది, పట్టడం నేరం. అది పక్కనపెట్టినా, పట్టిన కుందేలుతోపాటు దాని పిడుదులు, రోగాలు కూడా కొత్త కొండకు పోతాయి. కొత్తచోట దారి తెలియక మొదటి వారమే కుక్కలకు చిక్కే అవకాశం ఎక్కువ. దారి మనం వదిలితే చాలు, సంబంధం అదే వెతుక్కుంటుంది: నాగ్‌పూర్‌నుంచి పైకిపోయే 44వ నంబరు హైవేలో పెంచ్ అడవి దగ్గర రోడ్డును పైకెత్తి కిందనుంచి జంతువులు పోయేలా తొమ్మిది చోట్ల కట్టారు, అన్నిటికంటే పొడుగైంది 750 మీటర్లు. పులుల కోసం కట్టారు, కెమెరాల్లో కుందేళ్లూ పడ్డాయి.

సార్, సిరొంచలో బీఎస్సీ జువాలజీ. మా కాలేజీ వెనక గుట్టకూ ఊరవతల అడవికీ మధ్య జంతువులు తిరుగుతున్నాయో లేదో డీఎన్‌ఏ లేకుండా ఎలా చూడాలి? ల్యాబు లేదు, డబ్బుల్లేవు.

బాబూ, రోడ్డు కింద తూములో అడుగుల ముద్రలు చూడు. అట్ట పెట్టెను రెండువైపులా తెరిచి గొట్టంలా చేసి తూములో పెట్టు, మధ్యలో వంటనూనెలో కలిపిన దీపపు మసి పూసిన గుడ్డ, దానికి అటూ ఇటూ తెల్లకాగితం. చిట్టెలుక, చుంచు, ముంగిస పాదాలు వేర్వేరుగా పడతాయి. కుందేలుకు అట్టపెట్టె సరిపోదు, తూము నేలమీద జల్లించిన బూడిద పరుచు. ప్రతి పౌర్ణమికీ అమావాస్యకీ ఒక్కో వారంపాటు పెట్టి తేదీ రాసుకో, వానాకాలం తూము నిండినప్పుడు ఏమవుతుందో అదీ రాయి. రోడ్డుమీద చచ్చినవి కూడా లెక్కపెట్టు, ఎక్కడెక్కడ చచ్చాయో ఆ చోటే అవి దాటాలని చూస్తున్న చోటు. అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ఒక కాగితం రాసిచ్చి మొదలుపెట్టు. చేతికి గ్లవ్స్ లేకుండా ఎలుక మూత్రం తగిలిన కాగితం ముట్టుకోకు, లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం వస్తే అన్నిసార్లూ మామూలు జ్వరంతో ఆగదు.

ఆరు నెలల కాగితాలు పోగయ్యాక నాకు పంపు, పాదాలు నేను గుర్తుపట్టి పెడతాను.