వరద నష్టాన్ని గాలి ఖాతాలో రాయించుకోవచ్చా?

ప్రశ్న: ఫ్లోరిడాలో టాంపా బే ఒడ్డుకు దగ్గర్లో 2021లో ఇల్లు కొనుక్కున్నాం. మాది ఎక్స్ జోన్ (వరద ముప్పు తక్కువని ప్రభుత్వ మ్యాపులో ఉన్న ప్రాంతం), ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదని బ్యాంకు వాళ్లు అంటే ఊరుకున్నాం. 2024 సెప్టెంబర్ 23న టీవీలో తుపాను వార్త చూసి, భయపడి, ఏజెంటుకు ఫోన్ చేసి ఫెడరల్ ఫ్లడ్ పాలసీ తీసుకున్నాం. "డబ్బు కట్టేశారుగా, ఇంక టెన్షన్ పడకండి" అన్నాడు. 26 రాత్రి హెలీన్ తుపాను ఉప్పెనకు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మా అత్తగారిని తెల్లారేదాకా కిచెన్ గట్టు మీద కూర్చోబెట్టాం. పెళ్లి ఆల్బమ్, దేవుడి అలమర మొత్తం పోయాయి. 13 రోజులకు మిల్టన్ తుపాను వచ్చి కప్పు మీద షింగిల్స్ (పైన పరిచే పలకలు) లేపేసింది, హాలు సీలింగ్ కారింది. ఫ్లడ్ క్లెయిమ్ కొట్టేశారు. ఫీమా (ఫెడరల్ ప్రభుత్వ విపత్తు సాయం సంస్థ) కొంత సాయం ఇచ్చింది, అది ఏ మూలకూ సరిపోలేదు. ఇప్పుడు ఒక రూఫింగ్ కాంట్రాక్టర్ వచ్చి, "నష్టం మొత్తం మిల్టన్ గాలి వల్లేనని హోమ్ ఇన్సూరెన్స్‌లో వేద్దాం. డిడక్టబుల్ (నష్టంలో మీరు భరించాల్సిన వాటా) నేను వదిలేస్తా, ఇక్కడ సంతకం పెట్టండి" అంటున్నాడు. మా వీధిలో చాలామంది అలాగే చేశారట. పెట్టమంటారా? ఆ ఏజెంటు మీదైనా కేసు వేయొచ్చా? విసుగొచ్చి ఫ్లడ్ పాలసీ రద్దు చేసుకుందామనుకుంటున్నాం. మా ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి.

జవాబు: లాయరుగా చెబుతున్నా, సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ కాగితం కాపీ నాకు ఈరోజే పంపండి.

మీరు పెద్ద ఉత్తరం రాశారు, తొమ్మిది ఫొటోలు పంపారు. అందులో కేసుకు పనికొచ్చేవి మూడు తేదీలు: సెప్టెంబర్ 23, సెప్టెంబర్ 26, అక్టోబర్ 9. మీ ఇంట్లో పాడైన ప్రతి వస్తువుకీ ఒకటే ప్రశ్న వేసుకోవాలి. దీన్ని పాడుచేసింది కింద నుంచి వచ్చిన నీరా, పైనుంచి వచ్చిన గాలీ వానా? ఏ రోజు? మీ హోమ్ పాలసీ డబ్బులిచ్చేదీ ఎగ్గొట్టేదీ ఆ జవాబును బట్టే.

మామూలు హోమ్ పాలసీలో వరదకు కవరేజీ ఉండదు. ఉప్పెన కూడా వరద కిందికే వస్తుంది. "ఆ నీళ్లను తోసింది గాలే కదా, మరి అది గాలి నష్టం ఎందుకు కాదు?" అని మీకే కాదు, 2005లో కత్రినా తుపాను తర్వాత మిసిసిపీ తీరంలో ఇళ్లు పోగొట్టుకున్న వాళ్లకీ అనిపించింది. కోర్టుకెక్కారు. గాలి, నీరు కలిసి చేసిన నష్టమైనా సరే, నీటి వాటాకు కంపెనీ బాధ్యత లేదని పాలసీలో ఉన్న షరతును 2007లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు సమర్థించింది. ఆ వాదన ఇవాళ మళ్లీ ఎత్తుకుంటే మీ డబ్బూ నా టైమూ దండగ.

కాంట్రాక్టర్ చెప్పే కథ ఎందుకు నిలవదో మీ నాలుగో ఫొటోనే చెబుతోంది. దేవుడి అలమర ఫొటో అది. నాకు జాలి కలగాలని పంపినట్టున్నారు. నేను చూసింది వేరే. అలమర వెనక గోడ మీద, నేల నుంచి సుమారు 20 అంగుళాల ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు మట్టి గీత ఒకటుంది. గీత కింద డ్రైవాల్ (గోడకు బిగించిన జిప్సం పలక) ఉబ్బింది, పైన పెయింట్ శుభ్రంగా ఉంది. ఇత్తడి కుందులు అడుగున పచ్చబడ్డాయి. కప్పు కారి పడిన నీరు గోడ మీద పైనుంచి కిందికి చారలు తీస్తుంది, ఇలా అడ్డగీత గీయదు. నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే అడ్జస్టర్ ఎవరైనా గుమ్మంలో నిలబడే ఈ సంగతి చెప్పేస్తాడు. పైగా ఫొటో ఫైలులో తేదీ 2024 సెప్టెంబర్ 27, పొద్దున 7 గంటలు. అప్పటికి మిల్టన్ పుట్టనే లేదు.

ఇది చాలదన్నట్టు సముద్రమే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. హెలీన్ ఎక్కడో ఉత్తరాన పెర్రీ ఊరి దగ్గర తీరం దాటినా, టాంపా బేలో రికార్డు స్థాయి ఉప్పెన తెచ్చింది. మిల్టన్ టాంపాకు దక్షిణంగా సియస్టా కీ దగ్గర తీరం దాటింది. దాంతో గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచి, బేలోని నీటిని బయటికి లాగేసింది. ఆ రాత్రి అక్కడ నీటిమట్టం మామూలు కంటే అడుగుల కొద్దీ పడిపోయింది. ఇదంతా నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల కొలమానాల్లో నిమిషాల లెక్కన నమోదై ఉంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. అలాంటి రాత్రి మీ ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయని ఎలా చెబుతారు? సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆ రోజు 18 అంగుళాలకు పైగా వాన పడింది నిజమే. కానీ వాన నీరు వీధిలో నిలిచి గుమ్మం దాటి లోపలికొచ్చినా దాని పేరు వరదే.

అన్నిటికంటే ముఖ్యమైంది మీరు ఒక్క ముక్కలో దాటేశారు. ఫీమా సాయం తీసుకున్నారు. అంటే హెలీన్ వరదకు ఇల్లు పాడైందని ప్రభుత్వానికి మీరే చెప్పి సంతకం చేశారు. ఇప్పుడు అదే నేల, అవే గోడలు మిల్టన్ గాలికి పోయాయని కంపెనీకి రాస్తే మీ మీద మీరే సాక్షి అవుతారు.

అబద్ధపు క్లెయిమ్ వేస్తే పోయేది అబద్ధం ఒక్కటే కాదు. పాలసీలో మోసం షరతు ఉంటుంది. దాన్ని పట్టుకుని, న్యాయంగా రావలసిన కప్పు డబ్బు కూడా ఎగ్గొడతారు. ఫ్లోరిడాలో ఇన్సూరెన్స్ మోసం ఫెలనీ (తీవ్రమైన నేరం), మొత్తం 20,000 డాలర్లు దాటితే తీవ్రత పెరుగుతుంది. మీకు గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి ఇంకోటి చెప్పాలి. బాధితుడికి 10,000 డాలర్లకు మించి నష్టం చేసిన మోసం కేసులో శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని అతి తీవ్ర నేరాల జాబితాలో వేస్తుంది. ఇక దేశం నుంచి పంపించేసే విచారణే. వీధిలో వాళ్లు చేశారంటారా? వాళ్ల ఫైళ్లు ఇంకా మూసేయలేదేమో మీకెలా తెలుసు?

డిడక్టబుల్ వదిలేస్తాననడం కూడా దయ కాదు. మోసపు ఉద్దేశంతో కాంట్రాక్టర్ దాన్ని మాఫీ చేయడం ఫ్లోరిడా చట్టంలో నేరం. క్లెయిమ్ హక్కులు తన పేర రాయించుకునే కాగితమైతే, 2023 జనవరి 1 తర్వాత జారీ అయిన పాలసీల మీద అది చెల్లదు. మీ పాలసీ 2024 మేలో రెన్యూ అయింది. చెల్లని కాగితం మీద సంతకం కోసం ఇంటి చుట్టూ తిరిగే మనిషికి కప్పు ఎందుకు అప్పజెప్పాలో నాకైతే అర్థం కాలేదు.

ఇక ఏజెంటు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ కొన్నాక 30 రోజులు ఆగితేనే అమల్లోకి వస్తుంది. సెప్టెంబర్ 23న కొన్నది అక్టోబర్ 23న మొదలైంది, రెండు తుపాన్లూ ఆ మధ్యలోనే వచ్చిపోయాయి. క్లెయిమ్ కొట్టేయడం సరైనదే. ఇంటి లోను తీసుకునేటప్పుడు దాంతోపాటు కొనే పాలసీకి ఈ ఆగే గడువు ఉండదు, కానీ మీ లోను 2021 నాటిది. ఏజెంటు నోటిమాట ప్రభుత్వాన్ని కట్టడి చేయదు. పంట బీమా ఉందని స్థానిక ఏజెంట్లు చెబితే నమ్మిన గోధుమ రైతులకే 1947లో సుప్రీంకోర్టు డబ్బు ఇప్పించలేదు. ఏజెంటు మీద విడిగా నిర్లక్ష్యం దావా వేయొచ్చు, దానికి రెండేళ్ల గడువుంది. కానీ జడ్జి అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు. అతను నిజం చెప్పి ఉంటే మీరేం చేసేవారు? మూడు రోజుల్లో తుపాను పెట్టుకుని 30 రోజుల గడువున్న పాలసీ వల్ల లాభం లేదు. తుపాను ముంచుకొస్తుంటే ప్రైవేటు కంపెనీలూ కొత్త పాలసీలు ఆపేస్తాయి. అతని మాట వల్ల మీకు నష్టం జరిగిందని రుజువు కాదు. అదీగాక అతను చెప్పింది ఫోన్‌లో, మీ దగ్గర ఒక్క మెసేజ్ కూడా లేదు.

కటువుగా అంటున్నానని అనుకోకండి. తీరం పక్కన మూడు హరికేన్ సీజన్లు గడిపి, నాలుగో ఏడు సెప్టెంబర్ దాకా ఫ్లడ్ పాలసీ గురించి ఆలోచించలేదు. బ్యాంకు అడగలేదంటే దాని అర్థం బ్యాంకు అప్పుకు చట్టం ఆ షరతు పెట్టలేదని. ఎక్స్ జోన్‌లోకి నీళ్లు రావని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇప్పుడు మీ చేతిలో నిజంగా ఉన్న హక్కు సంగతి. కప్పు, హాలు సీలింగ్ మిల్టన్ గాలి నష్టమే. అది హోమ్ పాలసీలో వస్తుంది. పది నెలలుగా మీరు కంపెనీకి ఒక్క ముక్క తెలియజేయలేదని చదివి తల పట్టుకున్నాను. ఫ్లోరిడా చట్టం ప్రకారం నష్టం జరిగిన తేదీ నుంచి ఏడాదిలోపు క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి. హరికేన్ విషయంలో నష్టం తేదీ అంటే అది తీరం దాటిన తేదీ. మీరు సీలింగ్ మరక ఎప్పుడు చూశారన్నదాంతో పనిలేదు. మిల్టన్‌కు గడువు 2025 అక్టోబర్ 9. నేను ఇది రాస్తున్నది 2025 ఆగస్టు నెలాఖరులో. హెలీన్ రాత్రి కూడా కొన్ని షింగిల్స్ పోయి ఉంటే దాని గడువు సెప్టెంబర్ 26. ఆ గాలి నష్టం చిన్నదైనా విడిగా తెలియజేయండి. హరికేన్ డిడక్టబుల్‌ను ఇక్కడ క్యాలెండర్ ఏడాది మొత్తానికి కలిపి లెక్కేస్తారు, మొదటి తుపాను గాలి నష్టం రెండో దాని లెక్కలో కలిసొస్తుంది.

నోటీసులో కథ రాయకండి. "2024 అక్టోబర్ 9, మిల్టన్ గాలికి కప్పు షింగిల్స్ లేచిపోయాయి. ఆ కన్నం గుండా వాన దిగి హాలు సీలింగ్ పాడైంది." అంతే. గాలి ముందు కప్పుకో గోడకో కన్నం చేసి, దాని గుండా వాన దిగితేనే లోపలి నష్టానికి కవరేజీ వస్తుంది, అందుకే ఆ రెండో వాక్యం. నేల, కింది గోడలు, అలమర జోలికి పోవద్దు. అడ్జస్టర్ అడిగితే అవి హెలీన్ వరదకు పోయాయని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఏడాది లోపలే ఇచ్చినా "వెంటనే ఎందుకు చెప్పలేదు, పరిశీలించే అవకాశం పోయింది" అని కంపెనీ అంటుంది. దానికి జవాబు ఆధారాలే. టార్పాలిన్ కప్పించిన రసీదు, అక్టోబర్ 10న మీ అబ్బాయి తీసిన కప్పు ఫొటో, యార్డులో ఏరి గరాజ్‌లో పడేసిన షింగిల్స్ ముక్కలు. ఆ ముక్కల్ని చెత్తలో వేయకండి. రెండు తుపాన్ల తర్వాతా నోవా విమానాలు తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో మీ వీధి దొరికి, హెలీన్ తర్వాత కప్పు నిండుగా, మిల్టన్ తర్వాత చిల్లుతో కనిపిస్తే ఇక వాదించే పనే ఉండదు.

మీ పాలసీలో ఇంటి విలువ 4,00,000 డాలర్లు, హరికేన్ డిడక్టబుల్ 2 శాతం. ఆ 2 శాతం ఇంటి విలువ మీద, నష్టం మీద కాదు. అంటే 8,000 మీ జేబులోంచి. మీరు పంపిన అంచనా కప్పుకూ సీలింగ్‌కూ కలిపి 22,000 కాబట్టి, మొత్తం ఒప్పుకున్నా వచ్చేది 14,000. అదీ ముందు తరుగుదల తీసేసి ఇస్తారు, పని జరిగే కొద్దీ మిగతాది. నోటీసు అందిన 60 రోజుల్లో కంపెనీ ఇవ్వడమో కాదనడమో తేల్చాలి. తక్కువ ఇస్తే నా దగ్గరికి పరుగెత్తే ముందు రాష్ట్ర ఆర్థిక సేవల శాఖలో మధ్యవర్తిత్వం కోరండి, దాని ఖర్చు కంపెనీదే. 2022 డిసెంబర్‌లో చట్టం మారాక, గెలిచినా లాయరు ఫీజు కంపెనీ చేత కట్టించే వీల్లేకుండా పోయింది. 14,000 కోసం నన్ను పెట్టుకుంటే మీకు మిగిలేది తక్కువ.

వరద నష్టం ఎవరి దగ్గరా రాదు గానీ, పన్నులో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. హెలీన్ ఫెడరల్ విపత్తుగా ప్రకటించినది. అలాంటి విపత్తుల్లో పరిహారం అందని నష్టానికి 2024 డిసెంబర్‌లో వచ్చిన చట్టం ఊరటనిచ్చింది. ఆదాయంలో 10 శాతం దాటాలన్న షరతు లేదు, 500 డాలర్లు పోగా మిగతాది చూపించుకోవచ్చు. ఫీమా ఇచ్చింది మాత్రం తీసేయాలి. 2024 రిటర్న్ ఇప్పటికే వేసేసినా సవరించుకోవచ్చు. ఇంటి కొనుగోలు కాగితాలు, రిపేరు బిల్లులు పట్టుకుని సీపీఏ (పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్) దగ్గరికి వెళ్లండి. నాలుగో ఫొటో అక్కడికి తీసుకెళ్లండి, దాని విలువ అక్కడుంది.

ఫ్లడ్ పాలసీ రద్దు చేయకండి. దాని ఏడాది 2025 అక్టోబర్ 23తో అయిపోతుంది, సీజన్ నవంబర్ 30 దాకా ఉంది. రెన్యువల్ డబ్బు గడువులోపల కట్టండి. వదిలేసి మళ్లీ కొంటే 30 రోజుల లెక్క మొదటికొస్తుంది. రిపేరు పూర్తయిన రోజే ఫోన్ పట్టుకుని ఇల్లంతా వీడియో తీయండి. అలమరల తలుపులు తెరిచి, ఫ్రిజ్ వెనక సీరియల్ నంబర్ కనబడేలా, కప్పు నాలుగు వైపులా. ఆ వీడియోను ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో దాచకండి, మీకు మీరే మెయిల్ చేసుకోండి.

ముందు నోటీసు సంగతి చూడండి. కంపెనీ పోర్టల్‌లో ఒకటి, అదే ఈమెయిల్‌లో ఇంకొకటి, ఈ రాత్రికే. క్లెయిమ్ నంబర్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. రేపు కాంట్రాక్టర్ వస్తే కప్పుకూ సీలింగ్‌కూ మాత్రమే అంచనా రాసిమ్మనండి, డిడక్టబుల్‌తో సహా.