అమ్మమ్మ సినిమాకి సంగీతం కట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అమ్మమ్మ మీద తీసిన సినిమా రఫ్ కట్ (తుది మెరుగులు దిద్దని కూర్పు) చూశాను. సింథసైజర్‌తో (శబ్దాల్ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాద్యంతో) సంగీతం నేనే చేసుకుంటానన్నావు. చేసుకో. అమ్మమ్మ ఎక్కడ ఆగి ఎక్కడ మాట్లాడుతుందో ఎడిటింగ్‌లో కూర్చున్న నీకు తెలిసినంతగా బయటి సంగీత దర్శకుడికి తెలియదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. ఈ సినిమాలో ప్రధాన వాద్యం ఆవిడ గొంతు. సింథ్ దానికి చోటివ్వాలి. ప్రేక్షకుడి తరఫున అదే ఏడ్చేసి పెట్టకూడదు.

11వ నిమిషం దగ్గర అమ్మమ్మని తన పెళ్ళినాటి సంగతి అడిగావు. ఆవిడ నాలుగు సెకన్లు ఆగి, చీర కొంగు సర్దుకుని, అప్పుడు నోరు విప్పింది. ఆ ఆగడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కష్టమైన మాట చెప్పాల్సి వస్తే మా అమ్మ ఎప్పుడూ అంతే. నువ్వు సరిగ్గా అక్కడే ప్యాడ్ (వెనకాల మెత్తగా పరుచుకునే సాగే స్వరం) ఎత్తావు. తీసెయ్ తల్లీ. ఆ నాలుగు సెకన్లలో ఆవిడ చేస్తున్న పని ఏ తీగా, ఏ మీటా చెయ్యలేవు. సంగీతం కావాలంటే ఆవిడ చెప్పడం పూర్తయ్యాక, చేతుల మీద షాట్ పడ్డాక, ఊపిరి పీల్చినంత వ్యవధి ఇచ్చి మొదలుపెట్టు.

కీబోర్డు ముట్టుకునే ముందు సినిమా మొత్తం ఒకసారి సంగీతం లేకుండా చూసి, ఎక్కడ వద్దో ముందు రాసుకో. మిగిలిన చోట్లలో ఎక్కడ కావాలో అప్పుడు తేల్చుకోవచ్చు. 22 నిమిషాల సినిమాకి ఏడెనిమిది నిమిషాల సంగీతం చాలు. ఎడిటింగ్ కోసమని అరువు తెచ్చి పెట్టిన ఆ ట్రాక్‌ని ఇవాళే తీసెయ్. ఇంకో వారం విన్నావంటే చెవి దానికే అలవాటు పడిపోయి, నువ్వేం చేసినా దాని నకలులాగే వస్తుంది. పైగా పొరపాటున అది ఫైనల్‌లో మిగిలిపోతే కాపీరైట్ తలనొప్పి వేరే.

ఇప్పుడు అసలు పనికొద్దాం. ఇంటర్వ్యూ చాలావరకు వంటింట్లో తీశావు కాబట్టి వెనకాల ఫ్రిజ్ మోత ఉంది. దాన్ని నాయిస్ రిడక్షన్‌తో పూర్తిగా తుడిచెయ్యకు. కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 ఊపులు) ఉన్నచోట ఆ మోత ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. సింథ్‌లో దానికి దగ్గరి స్వరం జి, అంటే 98 హెర్ట్జ్. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకి రెండుసార్లు ఊగుతూ అపశ్రుతి వస్తుంది. కారణం తెలియకపోయినా వినేవాడికి చిరాకు మాత్రం కలుగుతుంది. నీ రఫ్ కట్‌లో 6వ నిమిషం దగ్గర జరుగుతున్నది అదే. సింథ్ ట్యూనింగ్‌ని 35 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైకి జరిపి, జి ని షడ్జమంగా (స) పెట్టుకో. అప్పుడు ఆ గది మోతే నీకు శ్రుతి అవుతుంది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. నువ్వు డ్రోన్‌ని (తంబూరాలా ఆగకుండా మోగే స్వరాన్ని) మెల్లగా దించేసినా కింద గది శ్రుతి మిగిలే ఉంటుంది కాబట్టి సంగీతం ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించరు. ఈ పని తీరిగ్గా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెయ్యి. యాంబియంట్ సంగీతం (వాతావరణంలా వెనకాల పరుచుకునే సంగీతం) సినిమాలో అతుక్కుందా లేదా అన్నది చాలాసార్లు ఇలాంటి చోటే తేలిపోతుంది.

షడ్జమం కుదిరాక దాని మీద పంచమం (ప), పైన చతుశ్రుతి రిషభం (రి) పెట్టు. గాంధారం (గ) వదిలెయ్. సాధారణ గాంధారం పడిందంటే మైనర్ రంగు, అంటే దిగులు, వచ్చి 'ఇప్పుడు బాధపడండి' అని చెప్పినట్టు ఉంటుంది. అంతర గాంధారం పెడితే అంతా బాగానే ఉందన్నట్టు వినిపిస్తుంది. ఆవిడ చెప్పే కబుర్లలో ఈ రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి, నువ్వు ముందే తీర్పు చెప్పెయ్యకూడదు. గాంధారాన్ని సినిమా మొత్తానికి ఒక్కచోట వాడుకో. ఎక్కడన్నది నేను చెప్పను, అది నువ్వే వెతుక్కోవాలి.

కొత్త పరికరాలు కొనకు. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ అనే సింథ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి, వాటిలో ఒక్కటి చాలు. రివర్బ్‌కి (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వనికి) వల్హాల్లా వాళ్ళ సూపర్‌మాసివ్ కూడా ఉచితమే. రెండు సా-టూత్ ఆసిలేటర్లు (రంపపు పళ్ళలాంటి తరంగంతో స్వరం పుట్టించేవి) తీసుకుని, ఒకదాన్ని 8 సెంట్లు పక్కకి జరుపు. 220 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సెకనుకి సుమారు ఒకసారి మెల్లగా అలలాడుతుంది, వినడానికి హాయిగా ఉంటుంది. అదే సెట్టింగ్‌తో 880 దగ్గర వాయిస్తే సెకనుకి నాలుగుసార్లు వణుకుతుంది, ఏదో టెన్షన్ మొదలైనట్టు ఉంటుంది. అందుకే పై స్వరాల్లో ఆ దూరాన్ని 2 సెంట్లకి తగ్గించాలి. పై శబ్దాల్ని కోసే లో-పాస్ ఫిల్టర్ 700 హెర్ట్జ్ దగ్గర ఉంచి, దాన్ని మెల్లగా ఊపే ఎల్‌ఎఫ్‌ఓ వేగం 0.05 హెర్ట్జ్ పెట్టావంటే ఫిల్టర్ 20 సెకన్లకి ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. అటాక్ (స్వరం పైకి లేవడానికి పట్టే సమయం) మూడు సెకన్లు, రిలీజ్ (మీట వదిలాక ఆరిపోవడానికి పట్టేది) ఆరు. ఇవి మొదలుపెట్టడానికే. చివరికి నీ చెవి ఏం చెప్తే అదే.

అమ్మమ్మ కుట్టుమిషన్ షాట్లు చాలా బాగా వచ్చాయి. ఆ చక్రం ఆగే ముందు వచ్చే చివరి అర సెకను శబ్దాన్ని కోసి శాంప్లర్‌లో (ఏ శబ్దాన్నైనా మీటల మీద వాయించనిచ్చే పరికరంలో) పెట్టి, మూడు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కిందకి వాయించు. వేగం ఎనిమిదో వంతుకి పడిపోయి, అర సెకను కాస్తా నాలుగు సెకన్లవుతుంది. అందులో ఇనుము మూలుగు ఒకటి వినిపిస్తుంది. దాన్ని ప్యాడ్ కింద కలిపితే, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని ప్యాడ్ కాస్తా ఆ ఇంటిదవుతుంది. సింథ్‌తో పాటే వచ్చే ఫ్యాక్టరీ ప్రీసెట్ ఎంత అందంగా ఉన్నా ఈ పని చెయ్యలేదు.

అవే స్వరాలు తిరిగి తిరిగి వచ్చి విసుగు పుట్టిస్తాయేమోనని అడిగావు. వాటిని వేర్వేరు పొడవుల లూపుల్లో (అయిపోగానే మళ్ళీ మొదలయ్యే ముక్కల్లో) పెట్టు. 1978లో బ్రయన్ ఈనో తన సంగీతానికి 'యాంబియంట్' అని పేరు పెట్టినప్పుడు టేపు లూపులతో చేసింది ఇలాంటిదే. ఒకటి 17 సెకన్లు, ఇంకోటి 23, మరోటి 29 పెట్టి చూడు. మూడూ మళ్ళీ మొదట్లోలాగా ఒకేసారి కలవడానికి మూడు గంటలు పైనే పడుతుంది. అరగంట రికార్డ్ చేసి పెట్టుకుని, బొమ్మతో కుదిరిన రెండు మూడు నిమిషాలు కోసుకో. బొమ్మలో ప్రతి కదలికకీ ఒక స్వరం కొట్టాలని చూడకు.

మిక్సింగ్‌లో జాగ్రత్త పడాల్సింది మళ్ళీ గొంతు దగ్గరే. ఆడవాళ్ళ గొంతు ఆధార స్థాయి సుమారు 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మాట స్పష్టత, ముఖ్యంగా హల్లులు, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆవిడ మాట్లాడేటప్పుడు ఈ రెండు చోట్లా ఈక్యూతో (ఒక్కో శబ్ద పరిధిని విడిగా పెంచి తగ్గించే సాధనంతో) ప్యాడ్‌ని పల్చన చెయ్యి. అవసరమైతే సైడ్‌చెయిన్‌తో (మాట వచ్చినప్పుడు సంగీతం దానంతటదే తగ్గే ఏర్పాటుతో) ఇంకో మూడు డెసిబెల్స్ దించు, అంతకు మించితే సంగీతం పైకీ కిందకీ పోతున్నట్టు తెలిసిపోతుంది. రివర్బ్‌లో 250 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసెయ్, లేకపోతే కింది శబ్దాలన్నీ కలిసిపోయి బురదలా పేరుకుంటాయి. ఇంకో సంగతి, ఈ సినిమాని మన చుట్టాలందరూ ఫోన్లోనే చూస్తారు. ఫోన్ స్పీకర్‌లో 100 హెర్ట్జ్ దాదాపు వినపడదు. డ్రోన్‌కి కాస్త శాచురేషన్ (స్వరాన్ని కొంచెం గరుకు చేసే ఎఫెక్ట్) ఇస్తే దాని పై హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాల్లో మోగే అనుస్వరాలు) వినపడతాయి, కింది స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో అయిపోయాక ఫోన్లో, ఆ తర్వాత టీవీలో, బొమ్మ చూడకుండా ఒకసారి విను. ఆవిడ మాట ఒక్కటి అర్థం కాకపోయినా తప్పు సంగీతానిదే, తగ్గించు.

ఫైళ్ళు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తియ్యి. డ్రోన్, పై పొర, కుట్టుమిషన్ మూడూ వేర్వేరు స్టెమ్స్‌గా (విడివిడి ఆడియో ఫైళ్ళుగా) ఉంచు. చివరి నిమిషంలో ఒక షాట్ పొడిగిస్తే కంగారు పడకుండా సర్దుకోవచ్చు.

ఈసారి సంగీతం లేని కట్ ఒకటి, ఉన్న కట్ ఒకటి రెండూ పంపు. లేనిది ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య