మా తాతగారి నాటి ఎరుపు, ఆకుపచ్చ వైన్ గ్లాసులు ఏ కంపెనీవి, ఎన్నేళ్ళవి అని ఎలా తెలుసుకోవాలి?

మీరు గ్లాసులకి ఎదురుగా నిలబడి ఫొటో తీశారు, పైగా ఒకదాంట్లో ప్లాస్టిక్ గులాబీ కూడా పెట్టారు. ఆ ఫొటో చూసి కంపెనీ పేరు చెప్పేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట నమ్మకండి. గ్లాసు సంగతి అంతా అడుగున ఉంటుంది, తిరగేసి చూడాలి. సరే అది తర్వాత, ముందు "కోటలో వేలం వేస్తే తాతగారు కొన్నారట" అని రాశారు కదా, నిజం చెప్పాలంటే నేను ఆ ముక్క చూసే జవాబు రాద్దామని కూర్చున్నా.

మాది విజయనగరం. మా వైపు ఏ ఇంట్లో పాత వస్తువు ఉన్నా అది కోటలోదే. పందిరిమంచం కోటలోది, గోడగడియారం కోటలోది, పెచ్చులూడిన నిలువుటద్దం కోటలోది. ఇన్ని వస్తువులు ఊళ్ళోకి వచ్చేస్తే పాపం రాజులు నేలమీద పడుకునేవారా ఏంటి. నా లెక్క ప్రకారం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్ళల్లో ఉన్న పాత గాజు, పింగాణీ సామాన్లలో ముప్పాతిక వంతు రంగం నుంచి వచ్చిందే. రంగం అంటే బర్మాలోని రంగూన్, ఇప్పటి పిల్లలకి చెప్పాల్సొస్తోంది. ఒకప్పుడు ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు ఓడెక్కి వెళ్ళినవాళ్ళే.

మా మేనత్తది నరసన్నపేట. వాళ్ళ అద్దాల బీరువాలో పైఅరలో రంగు గ్లాసులు ఉండేవి, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి. వాటిలో ఎవరూ ఏమీ తాగిన పాపాన పోలేదు, సంక్రాంతికి దించి తుడిచి మళ్ళీ పెట్టడమే. ఓసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒకటి తీసి తిరగేసి చూస్తుంటే మావయ్య "ఒరే జాగర్త, కోటలోయిరా అయి, రెండొందల ఏళ్ళవి" అన్నాడు. పక్కన మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న వాళ్ళమ్మగారు, అంటే మా అత్త అత్తగారు, తలెత్తకుండానే "కోటా లేదు గీటా లేదు. మీ నాయన రంగంలో కొని ట్రంకుపెట్టిలో పాత గుడ్డల మజ్జిన ఎట్టి తెచ్చినారు. నాకు తెల్దేటి?" అంది. మావయ్య నాకేసి చూసి, అమ్మకి మతిమరుపు అన్నట్టు సైగ చేశాడు. నాకైతే ఆవిడ మాటే గట్టిగా అనిపించింది.

అడుగు చూస్తే పచ్చ గ్లాసుకి కింద మధ్యలో గరుకుగా విరిగిన మచ్చ ఉంది. ఊదిన గ్లాసుని ఇనప కడ్డీకి అంటించి మూతి సరిచేసి తర్వాత కడ్డీ విరగ్గొడతారు, ఆ మచ్చ అది. కొంతమంది దాన్ని అరగదీసి నున్నటి గుంటలా చేస్తారు. కాడ మీద అచ్చు అతుకు గీత లేదు, రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే ఎత్తులో కాస్త తేడా ఉంది, అంటే చేత్తో చేసినవి. ఎర్రది వేరే కథ, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన చోట లోపల రంగులేని గాజు కనబడుతోంది, ఎరుపు పైపూత మాత్రమే. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, ఎగర్‌మన్ అనే ఆయన 1830ల్లో ఈ ఎర్రపూత కనిపెట్టాడు, తర్వాత అక్కడ వందేళ్ళపాటు అందరూ చేశారు, కాబట్టి ఎర్రగా ఉంది కదా అని కంపెనీ పేరు చెప్పలేం.

మావయ్యకి బియ్యం, అపరాల కొట్టుంది. కౌంటర్ మీద దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంటుంది కదా, రాత్రి షట్టర్ దించేశాక దానికింద రెండూ పెట్టా. ఎర్రది అలాగే ఉంది. పచ్చది మాత్రం లేత నిమ్మపచ్చ రంగులో భగ్గుమని వెలిగింది. ఇది యురేనియం కలిపిన గాజు మావయ్యా అన్నాను, అంతే. "ఆటంబాంబులోదా? ఇన్నాళ్ళూ దీన్ని బీరువాలో ఎట్టుకున్నామా?" అని రెండడుగులు వెనక్కి వేశాడు. మామూలుగా 2 శాతం కూడా ఉండదు, బీరువాలో ఉంటే భయం లేదు, పులుపు డ్రింకులు పోసి నిలవ ఉంచొద్దు అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం టైములో ప్రభుత్వాలు యురేనియం తీసేసుకున్నాక ఈ గాజు దాదాపు ఆగిపోయింది, తర్వాత మళ్ళీ కొంచెం మొదలైంది, ఇప్పటికీ అక్కడక్కడా చేస్తున్నారు. అందుకే వెలిగితే చాలు పాతదే అనుకోకండి. మాంగనీస్ ఉన్న గాజు కూడా మసగ్గా వెలుగుతుంది.

ఇక్కడే ముసలావిడ మాట పనికొస్తుంది. 1942లో జపాన్ వాళ్ళు వచ్చాక రంగం నుంచి మనవాళ్ళు లక్షలమంది కొండల్లోంచి నడిచొచ్చారు. అలా వచ్చినవాళ్ళు గాజు గ్లాసులు మోసుకొస్తారా? ట్రంకుపెట్టె ఓడలో వచ్చిందంటే చాలామటుకు అంతకుముందే వచ్చుండాలి. గ్లాసు మీద ఉన్న గుర్తు కంటే ఈ లెక్కే నాకు నమ్మకం.

ఇంకోటి, నెట్‌లో "దేశం పేరు లేకపోతే 1891కి ముందుది" అని కాపీ కొట్టి పెడుతుంటారు, చిరాకొస్తుంది. అది అమెరికా దిగుమతుల చట్టం, 1891 నుంచి అక్కడికి వెళ్ళే సరుకు మీద దేశం పేరు వెయ్యాలన్నారు. రంగం వెళ్ళిన సరుక్కి దాంతో పనేంటి? పేరుంటే మటుకు ఉపయోగమే. "చెకోస్లొవేకియా" అనుంటే 1918 తర్వాతదే, ఆ దేశమే అప్పుడు పుట్టింది. బకరా (Baccarat) అనే ఫ్రాన్స్ కంపెనీ గ్లాసుల మీద యాసిడ్‌తో వేసిన ముద్ర 1936 నుంచి మామూలైంది, దానికి ముందు కాగితం లేబుళ్ళు ఎక్కువ, అవి మన ఇళ్ళల్లో మొదటి తోముడికే పోయుంటాయి. అడుగుమీద నోటితో ఆవిరి ఊదండి, మసక ముద్ర ఉంటే బయటపడుతుంది. ఉబ్బెత్తు అక్షరాలతో "ఫ్రాన్స్" అనుండి, కాడ పొడవునా అతుకు గీత ఉంటే అది మిషన్ గ్లాసు, మీ ఇంట్లో ఎవరు గల్ఫ్ వెళ్ళొచ్చారో కనుక్కోండి.

అడుగున గీతలు కూడా చూడండి. నిజంగా వాడినవైతే అడ్డదిడ్డంగా ఉంటాయి, అన్నీ ఒకే వైపు ఉంటే ఎవరో గరుకు కాగితం రాశారు. యాంటిక్ అని అమ్మే ఒకాయన దగ్గర అలాంటివి చూశాను, అడిగితే కోటలో పనివాళ్ళు అలా తోమేవారండి అన్నాడు.

మా మేనత్తగారింటి పచ్చది ఎవరు చేశారంటే బొహీమియా తరహా, బహుశా 1942కి ముందుది అని మాత్రమే చెప్తాను. చాలామంది తయారీదార్లు అసలు ముద్రే వెయ్యలేదు, పేరు కావాలని పట్టుబడితే అమ్మేవాడు ఏదో ఒక పేరు పెట్టేస్తాడు. మీరు ఆ గులాబీ తీసేసి అడుగు, అంచు, కాడ విడివిడిగా పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని అడగండి, మీ నాన్నగారిని కాదు, వాళ్ళమ్మగారిని.