బాల్సం చుక్క వేసేముందు తడి చూసుకో

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

కెనడా బాల్సం అనే చెట్టు బంకతో మైక్రోస్కోపు కింద చూసే శాశ్వత స్లైడ్లు చేయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఓపిక కావలసిన పని ఎంచుకున్నందుకు గర్వంగా ఉంది. గుబులూ ఉంది, అది జైలీన్ అనే ద్రావకం గురించి. ఇట్టే నిప్పంటుకుంటుంది, ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. స్పిరిట్ దీపం వెలుగుతున్న గదిలో ఆ సీసా మూత తీయొద్దు. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంటే దానికిందే చెయ్యి, లేకపోతే కిటికీలన్నీ తెరువు. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటకు.

స్లైడ్లూ, నమూనా మీద కప్పే పల్చని గాజు కవర్ స్లిప్పులూ ఆల్కహాల్‌తో తుడుచుకో. పురుగుల కాళ్లు, నోటి భాగాలైతే 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి, నీళ్లలో బాగా కడుగు. పల్చని కణజాలానికి రంగు వేయడం మానకు. బాల్సం వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.53, గాజుది 1.52 దగ్గర. కణజాలమూ దానికి చేరువే కాబట్టి, రంగు లేని నమూనా బాల్సంలో పడగానే కంటికి ఆనకుండా పోతుంది.

ఇక నీటి సంగతి. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దీనికే. బాల్సం ఒక ఫర్ చెట్టు బంక, నీటితో పొసగదు. నమూనాలో కాస్త తడి మిగిలినా కవర్ స్లిప్పు కింద పాలలాంటి తెలుపు కమ్ముకుంటుంది. ‘ఆరాక అదే పోతుందిలే’ అనుకోవడమే తరతరాలుగా అందరూ చేసే తప్పు. అది పోదు. పాత పెట్టెల్లో మసకబారిన స్లైడ్లు చూస్తే, ఎంత అందమైన కోతలు, అంటే పల్చగా కోసిన కణజాలం ముక్కలు, ఆ తొందరకు బలయ్యాయో అని మనసు చివుక్కుమంటుంది.

అందుకే నమూనాలోని నీటిని మెల్లగా తీసేసే ఆల్కహాల్ మెట్లు దాటేయకు. 30, 50, 70, 90 శాతం, ఆపైన ఆబ్సొల్యూట్ (నీరు లేని ఆల్కహాల్) రెండుసార్లు, రెండు వేరువేరు గిన్నెల్లో. పల్చని కోతకు మెట్టుకు ఐదు నిమిషాలు, మందపాటి నమూనాకు అరగంట పైమాటే. మోసం చేసేది చివరి సీసానే. ఆబ్సొల్యూట్ ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత పదేపదే తీసిన సీసాలో ఉన్నది పేరుకే ఆబ్సొల్యూట్. కొంచెం వేరే గొట్టంలో పోసి, నీరు తీసేసిన తెల్లని కాపర్ సల్ఫేట్ చిటికెడు వెయ్యి. నీలంగా మారితే ఆ ఆల్కహాల్ పనికిరాదు.

తర్వాత జైలీన్. నమూనా అందులో దిగగానే చుట్టూ తెల్లని పొగలా లేస్తే అక్కడే ఆగు. వెంటనే తాజా ఆబ్సొల్యూట్‌లోకి వెనక్కి తీసుకుపో. గాజుముక్కలా తేటపడితేనే బాల్సం ముట్టుకో. అలాగని జైలీన్‌లో మరిచిపోకు, కణజాలం పెళుసెక్కి విరుగుతుంది. తేమ ఎక్కువున్న రోజుల్లో ముందు లవంగ నూనె వాడుకో, అది కాస్త తడిని ఓర్చుకుంటుంది. దాన్ని జైలీన్‌తో కడిగేస్తేనే బాల్సం త్వరగా ఆరుతుంది. స్లైడు మీదికి వంగి ఊపిరి వదలకు తల్లీ, ఆ ఆవిరి చాలు పాడుచేయడానికి.

మసకబారినదాన్ని పారేయకు. జైలీన్‌లో నిలబెట్టి, కవర్ స్లిప్పు దానంతటదే జారేదాకా ఉంచు. రోజులు పట్టినా సరే, గోటితో లాగకు. ఆనక ఆబ్సొల్యూట్ నుంచి మళ్లీ మొదలుపెట్టు.

బాల్సం పల్చని తేనెలా ఉండాలి, చిక్కబడితే జైలీన్ కలుపు. ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే కవర్ స్లిప్పు పైకి తేలి, పెద్ద లెన్స్‌కు ఫోకస్ అందదు. స్లిప్పు ఒక అంచు ఆనించి, రెండో అంచును సూదితో పట్టి మెల్లగా దించు. చిన్న బుడగలను సూదితో కెలక్కు, చాలావరకు అవే పోతాయి. 40 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు బల్లపరుపుగా ఉంచు. వేడి లేకపోతే నెలలు పడుతుంది. అప్పటిదాకా నూనె చుక్క వేసి చూసే ఆయిల్ లెన్స్ ఆనించకు, స్లిప్పు కదిలిపోతుంది. తర్వాత చీకటి పెట్టెలో దాచు. బాల్సం కాలంతో పసుపెక్కి, పులిసి, హెమటాక్సిలిన్ లాంటి రంగుల్ని తినేస్తుంది.

లేబుల్ ఆరోజే అంటించు. నమూనా పేరు, దొరికిన చోటు, తేదీ, వేసిన రంగు, ‘కెనడా బాల్సం’ అన్న మాట. రేపెవరైనా విప్పాల్సివస్తే జైలీన్ కావాలో నీళ్లు కావాలో వాళ్లకు తెలియాలి కదా.

మొదటి పెట్టె నిండగానే పట్టుకురా. మసకబారినవి ఇంట్లో వదిలేసి రాకు, ముందు అవే చూద్దాం.

పెదనాన్న