పెల్లెట్ స్టవ్ రోజుకు రెండు సంచులు కాలుస్తోందా? ముందు గంటకు ఎన్ని పౌన్లో తేల్చుకోండి

నమస్కారం అండి. న్యూ హాంప్‌షైర్‌లో పాత ఇల్లు కొన్నామని, పాత యజమానులు వదిలివెళ్లిన పెల్లెట్ స్టవ్‌కు ఈ జనవరిలో రోజుకు రెండు సంచులు పడుతున్నాయని, ఫీడ్, అంటే మంటలోకి పెల్లెట్లు పడే జోరు, తగ్గించి చూస్తే మంట ఆరిపోతోందని రాశారు. మేమూ ఈ రాష్ట్రంలోనే ఉంటున్నాం. చాలా ఏళ్లుగా చలికాలమంతా పెల్లెట్లతోనే ఇల్లు వెచ్చగా ఉంచుకుంటున్నాం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఫీడ్ తగ్గించి పెల్లెట్లు ఆదా చేద్దామన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. ఆదా జరిగే చోటు వేరే ఉంది.

ఈ స్టవ్ స్వభావం తెలిస్తే మిగతాదంతా తేలిక. మన ఊళ్లలో రంపపు పొట్టు పొయ్యి మీరు చూసే ఉంటారు. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా పైకి లాగేస్తే గాలికి దారి ఏర్పడుతుంది. అందులో ఇంధనమంతా ముందే నిండి ఉంటుంది, మంట ఎంతన్నది గాలి తేలుస్తుంది. పెల్లెట్ కూడా రంపపు పొట్టే, పావు అంగుళం మందాన గట్టిగా నొక్కి చేసినది. అయితే ఈ స్టవ్‌లో ఇంధనం కొంచెం కొంచెంగా వచ్చి పడుతుంది. వేడి ఎంతన్నది పడే పెల్లెట్లను బట్టి ఉంటుంది. అవి పూర్తిగా కాలతాయా, మసిగా మిగులుతాయా అన్నది గాలిని బట్టి ఉంటుంది. ఈ రెండూ జతగా నడవాలి.

ఇక స్టవ్ మీద వేడి పెంచడానికి, తగ్గించడానికి ఉండే 1 నుంచి 5 వరకు అంకెల సంగతి. అవి ఉష్ణోగ్రతలు కావు. మనం పెల్లెట్లు పోసే తొట్టిని హాపర్ అంటారు, దాని అడుగున ఆగర్ అనే మర ఉంటుంది. చాలా స్టవ్‌లలో ఇది ఒకే వేగంతో కొన్ని సెకన్లు తిరిగి, కొన్ని సెకన్లు ఆగుతుంది. మీరు అంకె పెంచితే తిరిగే సమయం పెరుగుతుంది, అంతే. ఆ సమయంలో ఎంత బరువు పడుతుందన్నది స్టవ్‌కు తెలియదు. పొడవైన పెల్లెట్లు మర చుట్ల మధ్య అడ్డదిడ్డంగా పడి ఖాళీలు వదులుతాయి. పొట్టివి దట్టంగా సర్దుకుంటాయి. అందుకే ఒకే అంకె మీద ఒక రకం సంచి ఎక్కువ గంటలు వస్తుంది, ఇంకో రకం తొందరగా అయిపోతుంది. పొట్టి పెల్లెట్లు వేసినప్పుడు ఇల్లు కూడా ఎక్కువ వెచ్చబడుతుంది కాబట్టి అది నష్టమేమీ కాదు.

కాబట్టి అంకెను నమ్మకుండా బరువు లెక్క చూడండి. హాపర్ లోపలి గోడ మీద సుద్దతో ఒక గీత గీయండి. పెల్లెట్లు ఆ గీతకు దిగాక సరిగ్గా ఒక సంచి పోసి, ఒకే సెట్టింగు మీద వదిలేసి, మళ్లీ గీతకు దిగడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఇక్కడి సంచి 40 పౌన్లు. 20 గంటలు వస్తే గంటకు 2 పౌన్లు. ఒక పౌను పెల్లెట్లలో సుమారు 8,000 బీటీయూల (ఇక్కడ వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది, అందులో ముప్పావు వంతుకు కాస్త అటూ ఇటూగా గదిలోకి వస్తుంది, మిగిలింది పొగగొట్టం దారి పడుతుంది. మీ రెండు సంచుల లెక్కకు గంటకు 3.3 పౌన్లు, అంటే ఇంట్లోకి దాదాపు 20,000 బీటీయూలు. పాత ఇంటికి, జనవరి చలికి ఇది అసహజమేమీ కాదు. ఇదే ఖర్చు అక్టోబరులో కనిపిస్తే అప్పుడు అనుమానించాలి.

మంట ఎందుకు ఆరిపోతోందంటే, కనిష్ఠ సెట్టింగు మీద ఫీడ్ ఇంకా తగ్గిస్తే ఒక విడత పెల్లెట్లకూ మరో విడతకూ మధ్య ఎడం పెరిగిపోతుంది. పొగను బయటికి లాగే ఫ్యాను మాత్రం ఆగదు. మంట గిన్నెలోని నిప్పు చల్లబడి, కొత్త పెల్లెట్లు అంటుకోవు. ఫీడ్ ట్రిమ్ అనే సర్దుబాటు ఉన్నది పెల్లెట్ల రకానికి తగ్గట్టు కొద్దిగా అటూ ఇటూ జరపడానికే. కనిష్ఠం మీద మంట నిలబడాలి, గరిష్ఠం మీద గిన్నెలో పెల్లెట్లు గుట్టపడకూడదు. ఈ రెండూ కుదిరిన చోట ట్రిమ్ ఆపేయండి. ఒక మెట్టు జరిపాక కనీసం అరగంట ఆగి చూడండి, వెంటనే మళ్లీ ముట్టుకోవద్దు.

గాలి సరిపోతోందా లేదా అన్నది మంటే చెబుతుంది. కాసేపు అద్దం ముందు కూర్చుని చూడండి. గాలి సరిపోయినప్పుడు మంట పొట్టిగా, చురుగ్గా, మెరిసే పసుపు రంగులో ఉంటుంది. గిన్నెలో పెల్లెట్లు చిన్నగా ఎగిరెగిరి పడుతుంటాయి, నిప్పురవ్వలతో పాటు బూడిద అంచు దాటి బయటికి ఎగురుతుంది. గాలి తక్కువైతే మంట పొడవుగా, బద్ధకంగా, నారింజ రంగుకు మారి, కొసలు నల్లగా ఊగుతుంటాయి. అద్దం మీద లేత బూడిదరంగు పొర పర్వాలేదు, నల్లటి మసి పడితే డబ్బు పొగలోకి పోతున్నట్టే. అప్పుడు ఫీడ్ జోలికి వెళ్లేముందు శుభ్రం చేయండి. స్టవ్ పూర్తిగా చల్లారాక గిన్నె అడుగున రంధ్రాలు పొడిచి తెరవండి, బూడిద కరిగి గట్టిపడిన చిట్టెం గీకేయండి. తలుపు చుట్టూ ఉన్న తాడు లాంటి సీలు మధ్య ఒక కాగితం నోటు పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వస్తే గాలి దొంగదారిన వస్తోందన్నమాట.

నా అనుభవంలో నిజమైన ఆదా వేడి గొట్టాల దగ్గరే ఉంది. మంట వేడిని గదిలోకి చేర్చేవి అవే. వాటి మీద సన్నటి బూడిద పొర పేరుకుంటే అన్నే పెల్లెట్లు కాలతాయి, గది మాత్రం వేడెక్కదు. మనం అంకె పెంచుతాం, వేడి పొగగొట్టంలోకి పోతుంది. గొట్టాలను గీకే కడ్డీ ఉంటే రోజూ లాగండి. కనీసం టన్నుకొకసారి, అంటే 50 సంచులకు, లోపలి దారులూ పొగగొట్టమూ పూర్తిగా శుభ్రం చేయాలి. మామూలు వాక్యూమ్ వాడకండి, బూడిదలో దాగిన నిప్పు దాన్ని అంటించగలదు. ఇంకో మాట, రాత్రి బాగా తగ్గించి పొద్దున గరిష్ఠానికి పెంచే పద్ధతి కన్నా, మధ్యస్థంగా ఆగకుండా నడపడమే మా ఇంటికి కలిసివచ్చింది.

సంచి మీద బూడిద శాతం చూసి కొనండి. ఇక్కడ ప్రీమియం గ్రేడు అంటే 1 శాతం లోపు. పెల్లెట్లు తడి తగలకుండా నేలకు ఎత్తుగా పెట్టండి, తడిస్తే మళ్లీ పొట్టయిపోతాయి. సంచి అడుగు పొడి హాపర్ మూలల్లో పేరుకుంటే ఫీడ్ మందగిస్తుంది, అప్పుడప్పుడు ఖాళీ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇవాళే పెట్టించండి, ఇది వాయిదా వేసే పని కాదు.

ఆయిల్‌తో ఇల్లు వెచ్చబెట్టుకోవడం కన్నా ఇది లాభమా అని కూడా అడిగారు. ఒక టన్ను పెల్లెట్ల వేడి దాదాపు 120 గ్యాలన్ల హీటింగ్ ఆయిల్‌కు సమానం. మీ ఊళ్లో గ్యాలన్ ధరను 120తో హెచ్చించండి, టన్ను ధర అంతకన్నా తక్కువైతే పెల్లెట్లే నయం.

ముందు స్టవ్ శుభ్రం చేసి, ఒక సంచి గీత నుంచి గీతకు ఎన్ని గంటలు వచ్చిందో, ఏ అంకె మీద నడిపారో, మంట ఏ రంగులో ఉందో ఇక్కడే రాయండి. ట్రిమ్ ఎటు జరపాలో అది చూసి చెబుతాను.