రోజుకి ఐదు నిమిషాలు ముందుకెళ్తున్న ఆటోమేటిక్ వాచ్

వాచ్‌కి అయస్కాంతం పట్టి ఉంటుంది. నిన్నటిదాకా బాగా నడిచిన ఆటోమేటిక్ ఉన్నట్టుండి రోజుకి ఐదు నిమిషాలు ముందుకెళ్తోందంటే మొదట అనుమానించాల్సింది అదే. లోపల వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగ్ పొట్టిదైనట్టయి వాచ్ వేగాన్ని నడిపించే బ్యాలెన్స్ చక్రం వేగంగా ఊగుతుంది. ఇష్టపడి కొనుక్కున్న వాచ్‌ని దీనికోసం అమ్మేయాలనుకోకండి, చాలావరకు ఇది ఇంట్లోనే సరవుతుంది.

1. వాచ్‌ని దిక్సూచి దగ్గరికి తీసుకెళ్లండి. ముల్లు గట్టిగా ఊగితే సమస్య అదే.

2. బటన్ ఉన్న మామూలు డీమాగ్నెటైజర్ (అయస్కాంతాన్ని పోగొట్టే పరికరం) చాలు. వాచ్‌ని దాని మీద ఉంచి బటన్ నొక్కండి.

3. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బటన్ నొక్కిపట్టే ఉంచి, వాచ్‌ని మెల్లగా, చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్లండి. ఆ తర్వాతే బటన్ వదలాలి. దగ్గరుండగానే వదిలేస్తే మళ్లీ అయస్కాంతం పట్టేస్తుంది.

4. పూర్తిగా కీ ఇచ్చి ఒక రోజు గమనించండి. వాచ్‌ల కచ్చితత్వాన్ని పరీక్షించే స్విస్ సంస్థ సీఓఎస్‌సీ ధ్రువీకరణ పొందిన మూవ్‌మెంట్‌కే (వాచ్ లోపలి యంత్రానికే) రోజుకి సగటున -4 నుంచి +6 సెకన్ల తేడా ఉండొచ్చు కాబట్టి కొన్ని సెకన్లకి కంగారు వద్దు.

ఇంకా నిమిషాల్లోనే పరిగెడితే సర్వీస్‌కివ్వండి, వెనక మూత మీరు విప్పొద్దు. రాత్రిపూట స్పీకర్ల పక్కన, ట్యాబ్లెట్ కవర్ మీద మాత్రం పెట్టకండి.