సింగపూర్‌లో పట్టుబడ్డ తాతగారి వివరాల కోసం

రవి గారూ, మీ తాతగారు అప్పారావుగారు మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీర్ దళం, ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) పనిచేస్తూ 1942 ఫిబ్రవరిలో సింగపూర్‌లో జపాన్ సైన్యానికి పట్టుబడ్డారని, తిరిగి రాలేదని, మీ దగ్గర ఒక్క ఫోటో తప్ప ఏమీ లేదని రాశారు.

ముందు కావాల్సింది ఆయన సర్వీస్ నంబరు. అది లేకుండా జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌కి రాస్తే టైం వేస్ట్. ఇంట్లో పెన్షన్ కాగితాలు, డిశ్చార్జి పుస్తకం, మెడల్స్ ఉంటే బయటికి తీయండి. మెడల్ అంచు మీద పేరు, నంబరు ఉండొచ్చు, భూతద్దంతో చూడండి. ఏమీ దొరక్కపోతే విశాఖలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. వితంతు పెన్షన్ కోసం మీ నాయనమ్మగారు దరఖాస్తు చేసుంటే ఆచూకీ దొరికే అవకాశం ఉంది. తర్వాత బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకి, బంధుత్వం రుజువు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో రాయండి.

ఆయన తిరిగి రాలేదన్నారు కాబట్టి యుద్ధంలో చనిపోయిన సైనికుల వివరాలు ఉంచే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఈరోజే వెతకొచ్చు, ఉచితం. సమాధి దొరకనివాళ్ల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉన్నాయి. ఇంటిపేరు లేకుండా కూడా వెతకండి. అప్పారావు అన్న పేరు ఒక మాటగానో రెండు మాటలుగానో ఉండొచ్చు. ఊరికి విశాఖపట్నానికి పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్ విజగపటం (Vizagapatam) వాడండి. శ్రీకాకుళం జిల్లా 1950లో గానీ విడిపోలేదు, మీ టెక్కలి అప్పటికి విశాఖ జిల్లాలోదే.

సింగపూర్‌లో పట్టుబడ్డవాళ్లలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, చేరనివాళ్లలో కొందరిని న్యూగినీ వైపు పనికి తరలించారు. అందుకే ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫౌజ్ ఫైళ్లు కూడా చూడండి. రెడ్‌క్రాస్‌కి చివర్లో రాయండి, వాళ్లు దరఖాస్తులు పరిమితంగానే తీసుకుంటారు.